అమ్మ చేతులు మేడ మీదికి వచ్చిన దారి

ఇప్పుడు నొప్పి కాస్త వదిలింది. నడుం చుట్టూ బిగించిన తాడుకి ఎవరో ఒక్క ముడి విప్పినట్టు వదిలింది, మళ్ళీ బిగించేలోపు ఊపిరి పీల్చుకోవాలి, కళ్ళు తెరవాలి, అమ్మ ఉందో లేదో చూసుకోవాలి. ఉంది. మంచం కాళ్ళవైపు, బట్టల పెట్టె మీద, లావుపాటి పుస్తకాలకి ఆనించి నిలబెట్టిన ట్యాబ్‌లో అమ్మ ఉంది. కోటు ఇంకా విప్పలేదు. పొద్దున్నే సంచీ సర్దుకుని ద్వీపం రేవుకి వెళ్ళింది, గాలి తగ్గేదాకా ఓడ కదలదని అక్కడి బోర్డు మీద చదివి ఇంటికి తిరిగొచ్చింది, అప్పటినుంచీ ఆ కోటుతోనే కూర్చుంది, ఎవరో ఒకరు వచ్చి పద ఔకియా ఓడ బయల్దేరుతోంది అంటారేమోనన్నట్టు. అలా అనాలంటే ఎదురుగా వచ్చి నిలబడి చేత్తో చెప్పాలి. పుట్టినప్పటినుంచీ అమ్మకి ఏదీ వినపడదు. ఈ గాలి కూడా వినపడదు, కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి ఎంతుందో చూసుకుంటుంది. ఇందాక అలా చూసి, చెయ్యి దులుపుకుని, నాతో చేతులతో చెప్పింది, "అద్దం కడుపు నిండిన పిల్లిలా వణుకుతోంది. సాయంత్రానికి ఈ గాలి పడుకుంటుంది."

శనివారం వస్తానంది అమ్మ. మేమూ సరేనన్నాం, నా కడుపులో ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. ఆ మనిషి గాలీ ఓడలూ చూసుకోకుండా ఈ రోజే బయల్దేరింది. మంత్రసాని హిల్లీ తడిసిన టోపీతో వచ్చి, మంచంకోళ్ళ కింద పెట్టిన చెక్కదిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో కాలితో తన్ని చూసి, చేతులు కడుక్కుంటూ వీట్సె వైపు గడ్డం ఊపింది. "వీణ్ణి కూడా ఈ ఇంట్లోనే భూమ్మీదికి దింపాను. కాళ్ళు ముందు పెట్టుకుని వచ్చాడు. ఇప్పటికీ అంతేగా, ఏ పనైనా తిరగేసే మొదలెడతాడు." నా మొగుడు నవ్వాడు. నా వెనక కూర్చుని నడుం మీద రెండు అరచేతులూ అదిమి పెట్టాడు, ఆ చేతుల గోళ్ళ చుట్టూ ఎంత తోమినా పోని మసి, పొగగొట్టంలోని మసి. తిరగేసి మొదలెడతాడు, నిజమే, కానీ మొదలెట్టింది వదిలెయ్యడు, ఆ సగం హిల్లీకి తెలియదు, నాకు తెలుసు, అమ్మకి తెలుసు.

ఆకురాలే రోజుల్లో కాబోలు నాకు తుంటి ఎముకల్లో నొప్పి మొదలైంది, మెట్లు దిగితే ఎవరో ఎముకల మధ్య చీల కొడుతున్నట్టుండేది. మేడ మీదే ఉండు, దిగకు అన్నారు. ఇది వీట్సె తాతల కాలం నాటి పాడి ఇల్లు. ముందు భాగంలో మనుషులు, వెనక భాగంలో ఒకప్పుడు ఆవులు, మధ్య గోడలు చూస్తే ఆవులకీ మనుషులకీ మధ్య యుద్ధమేదో జరిగిందనిపిస్తుంది, అంత మందం. ఇంటర్నెట్ తీగ వీధి తలుపు పక్కన మీటరు అలమరలోకి వస్తుంది, రౌటర్ ఆ అలమరలోనే, గ్యాసు మీటరుకీ చీపురుకీ మధ్య. వంటింట్లోకి వైఫై కుంటుకుంటూ వచ్చేది. మేడ మీదికి అసలు రాదు. మామూలు వాళ్ళయితే ఫోన్లో మాట్లాడుకుంటారు, మాట తునకలుగా వచ్చినా అతుకు వేసుకుంటారు. నాకూ అమ్మకీ బొమ్మ కావాలి, కదిలే బొమ్మ కావాలి. ఆగిపోయిన బొమ్మలో అమ్మ చేతులు గడ్డం దగ్గర ఆగి ఉంటాయి, ఆ తరవాత చూస్తే పొట్ట దగ్గర ఉంటాయి, మధ్యలో చెప్పినదంతా సముద్రంలో పడిపోయి ఉంటుంది. అందుకని నొప్పిని పళ్ళ మధ్య పట్టుకుని మెట్లు దిగి, ఆ చల్లటి నడవలో, అలమర తలుపు తీసి, చీపురు పక్కన నిలబడి అమ్మతో మాట్లాడేదాన్ని. ఒకరోజు మాట్లాడి మెట్లెక్కలేక మూడోమెట్టు మీద కూర్చుండిపోతే వీట్సె కాలువల పని నుంచి బూట్లతోనే వచ్చి చూశాడు.  ఆ బూట్లైనా విప్పకుండా అలమర ముందు గొంతుక్కూర్చుని ఆ రౌటర్‌ని చాలాసేపు చూశాడు, నీళ్ళు ఎక్కడ ఆగాయో చూసే చూపుతో.

వస్తోంది మళ్ళీ. "ఇలా చూడు నింకె, నెమ్మదిగా, నెమ్మదిగా పీల్చు," అంటోంది హిల్లీ, ఆ మాట గోడకి కొట్టిన బంతిలా నా దగ్గరికి రాకుండా వెనక్కి వెళ్ళిపోతోంది. ఇదేమిటో. నొప్పి ముదిరేకొద్దీ చెవిలోంచి వచ్చే భాష అర్థం కావడం మానేస్తోంది. బళ్ళో నేర్చుకున్నవి, పెళ్ళయ్యాక ఈ ఊళ్ళో నేర్చుకున్నవి, అన్నీ పైపొరల్లా ఊడిపోతున్నాయి, అడుగున చేతులు మాత్రం ఉన్నాయి. అమ్మ ముందుకి వంగింది. చెయ్యి గుండెల మీంచి బయటికి, మెల్లగా, మళ్ళీ లోపలికి. ఊపిరి. బయటికి. లోపలికి. ఆ చెయ్యి తునకలు కావడం లేదు, పాలు పోసినట్టు కదుల్తోంది, దాన్ని పట్టుకుని నేను ఈ గుట్ట ఎక్కుతున్నాను, ఇంకొంచెం, ఇంకొంచెం, అదిగో శిఖరం, అదిగో దిగుడు.

చిన్నప్పుడు కూడా ఇలాగే ఆ చేతుల్ని పట్టుకునే వెళ్ళేదాన్ని. పెద్దబడికి ద్వీపం వదిలి ఇవతలి ఒడ్డుకి రావాలి, సోమవారం పొద్దున్న ఓడలో పిల్లలందరం పై అంతస్తు మీద నిలబడితే రేవులో తల్లులు అరిచేవాళ్ళు, మఫ్లరు కట్టుకో, గురువారం ఫోన్ చెయ్యి. ఓడ కాస్త జరిగేసరికి ఇంజను మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు, ఊరికే చేతులూపేవాళ్ళు. మేమిద్దరం మాత్రం మాట్లాడుకుంటూనే ఉండేవాళ్ళం. నీళ్ళు మా మధ్య వెడల్పవుతూనే ఉండేవి, అమ్మ ముఖం గోధుమగింజంత అయ్యేది, చేతులు ఇంకా తెలిసేవి. పక్కింటి ఆవిడ తనని ఆడిపోసుకున్న సంగతీ, జాలరి పీతలు ఎంతకి అమ్మాడో ఆ సంగతీ, అన్నీ చెప్పేది. మిగతా పిల్లలు లోపలికి వెళ్ళిపోయినా నేను చలిలో నిలబడి నవ్వుతూ ఉండేదాన్ని. వినపడే తల్లులున్న పిల్లల్ని చూసి జాలిపడేదాన్ని, వాళ్ళ అమ్మలు ఎంత తొందరగా అయిపోతారో కదా అని.

వీట్సె మొదట చేసిన పని, కొమ్ములున్న పెద్ద రౌటర్ కొనుక్కొచ్చి అదే అలమరలో పెట్టడం. మిడతలా కూర్చుంది. మేడ మీద ఫోన్లో సిగ్నల్ చుక్క ఒక్కటీ పెరగలేదు. మా అత్తగారు గ్రీటియా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "కోడిపుంజుని గంప కింద పెట్టి ఊరికింకా తెల్లారలేదేమంటే ఎలారా," అంది. అప్పుడు దాన్ని అలమరలోంచి తీసి నడవ గోడకెక్కించాడు, వంటింటికి బతుకు వచ్చింది, మేడకి రాలేదు. తరవాత మెట్ల మధ్యలో ఇంకో చిన్న పెట్టె పెట్టాడు, సిగ్నల్ అందుకుని పైకి అందించేది. ఆ పూట అమ్మ మేడ మీదికి వచ్చింది, కానీ నత్తిగా వచ్చింది, రెండు మాటలు చెప్పి ఆగేది, ముక్కు మీద వేలుతో బొమ్మలా ఉండిపోయేది. "పాపం దానికి వినడానికీ చెప్పడానికీ ఒకటే నోరు," అన్నాడు వీట్సె, ఆ పెట్టెని తప్పు పట్టకుండా, పనిలోకి కొత్తగా వచ్చినవాణ్ణి వెనకేసుకొచ్చినట్టు. కంపెనీకి ఫోన్ చేస్తే, మా తీగ మీ గుమ్మందాకా శుభ్రంగా వస్తోందండీ, ఆపైన మీ ఇల్లు అన్నారు. ఫోన్ పెట్టేసి, "నిజమే, మన ఇల్లు," అన్నాడు.

అప్పుడు ఇంటిని తెలుసుకోవడం మొదలెట్టాడు. పుట్టి పెరిగిన ఇంటిని, కళ్ళకి గంతలు కట్టుకున్నవాడిలా, గది గదీ తడుముకుంటూ. దానికి అమ్మే తోడు. వీట్సె ఫోన్ ఎత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు, అమ్మ అటువైపు ఆపకుండా చేతులు కదుపుతూ ఉండాలి, చేతులు ఆగిపోయిన చోట నేల మీద సుద్దతో శిలువల్లాంటి అడ్డగీతలు గీసేవాడు. ఊరికే చేతులూపమని ఇతను అడిగాడు, ఊరికే ఊపడం అమ్మకి చేతనైతే కదా. కబుర్లు మొదలెట్టింది. ద్వీపంలో ఎవరికి ఎవరితో చెడిందో, చర్చి పైకప్పుకని వసూలు చేసింది ఎవరు తాగేశారో, నేను చిన్నప్పుడు మేకకి నా మేజోళ్ళు తొడిగి బడికి తీసుకెళ్ళిన సంగతీ. వీట్సెకి సంజ్ఞల భాష అంతంత మాత్రం, సగం పట్టుకునేవాడు, సగం తలూపేవాడు, మంచం మీద పడుకున్న నాకు వాడి నవ్వు ఇంట్లో ఒక్కో మూలనుంచి వినపడేది, ఆగేది, సుద్ద గీసిన చప్పుడు, మళ్ళీ నవ్వు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ నేను మధ్యలో లేకుండా మాట్లాడుకోవడం అదే మొదలు. మా అత్తగారు నేల నిండా గీతలు చూసి, "ఎవరెవర్ని పాతిపెట్టావురా ఇక్కడ," అని అడిగింది. "మీ వియ్యపురాలి మాటల్ని," అన్నాడు. ఒకరోజు అమ్మ నాతో అంది, "నీ మొగుడు తప్పులు చేసే పద్ధతి బావుంది. తప్పని చెప్పగానే సంతోషిస్తాడు." అమ్మ ఎవర్నీ తేలిగ్గా మెచ్చుకోదు. నాకు తెలిసి ఆ పొగడ్త అందుకున్న మగవాడు వీడొక్కడే.

ఆ గీతలన్నీ మేడ మీద ఒకేచోట ఉన్నాయా అంటే, మేడ అంతా ఉన్నాయి. దాన్ని చూస్తూ చూస్తూ ఒక ఆదివారం నా మంచం పక్కనే నేలచెక్క ఒకటి ఊడదీశాడు. కింద తళతళమని వెండిరంగు రేకు. వాళ్ళ నాన్న, పోయినాయన, ఏ చలికాలంలోనో ఇల్లు వెచ్చగా ఉండాలని నేలంతా, పైకప్పంతా రేకు అంటించిన పలకలు పరిచాడు. ఆ రేకు వేడిని పోనివ్వదు, వైఫైని రానివ్వదు. వీట్సె మోకాళ్ళ మీదే వంగి నాన్న పెట్టిన మేకులు వేలితో తడిమాడు, ఒక్కటీ వంకర లేదు. "పీకేద్దామా," అన్నాను. "వద్దు, మనకి చలి వేస్తుంది," అన్నాడు, చెక్కని దాని చోట పెట్టి మేకు కొడుతూ. "గాల్లోంచి రానివ్వకపోతే తీగలోంచి తెద్దాం. తీగ పైకి వచ్చాక గాల్లోకి వదుల్దాం." నాకప్పుడు వాడి మీద కలిగినదాన్ని ఏమంటారో, పెళ్ళిరోజు కూడా అంత కలగలేదు. తండ్రి పనిని చెడగొట్టకుండా నా పని చెయ్యడానికి దారి వెతుకుతున్న ఆ వంగిన వీపు.

దారి పొగగొట్టం. నడవలో ఎప్పుడో మూసేసిన పొయ్యి, దాని గొట్టం సరిగ్గా మా గది పక్కనుంచి అటకదాకా వెళ్తుంది. అటకెక్కి తాడుకి బరువు కట్టి వదిలాడు, మధ్యలో ఇటుక అడ్డం. మళ్ళీ వదిలాడు. కింద వాళ్ళమ్మ మసిలోకి చెయ్యి పెట్టి, "రాలేదురా, ఓ కాకి గూడు వచ్చింది," అని అరుస్తోంది. ఎన్నిసార్లు వదిలాడో. చీకటిపడుతుండగా, "అందింది, అందింది, లాగకు," అంది ఆవిడ. తాడుకి తీగ కట్టి పైకి లాక్కున్నాడు, మా గది బయట కప్పుకి తెల్లటి పళ్ళెంలాంటి పెట్టె బిగించాడు, ఇంకో తీగ వెనకభాగానికి, కొట్టం దాకా. నల్లటి ముఖంలో కళ్ళు మాత్రం కనపడుతూ లోపలికొచ్చి ట్యాబ్ నా ఒళ్ళో పెట్టాడు. అమ్మ కనపడింది. వీణ్ణి చూసి ఉలిక్కిపడి, "ఎవరీ దొంగ," అంది. ఆ చేతులు ఎక్కడా ఆగలేదు. దొంగ మా ఇద్దరి మధ్య నేల మీద కూలబడి గోడకి తలానించి నిద్రపోయాడు, మేము వాడి గురించే చాలాసేపు మాట్లాడుకున్నాం.

ఈసారిది వేరు. ఇది నడుములో లేదు, ఒళ్ళంతా కిందికి ఒరుగుతోంది. హిల్లీ ముఖంలో నవ్వు పోయి పని వచ్చింది. "ఇంక తొయ్యాలి తల్లీ, నే చెప్పినప్పుడు," అంటోంది, నాకు పెదాలు కనపడుతున్నాయి, మాట అందడం లేదు, నేను అమ్మని చూస్తున్నాను, అమ్మ లేచి నిలబడింది, చేతులు ఎత్తింది, అప్పుడే దీపం ఒక్కసారి రెప్పవేసింది. గాలి ఎక్కడో తీగని తాకింది. దీపం తిరిగొచ్చింది. అమ్మ రాలేదు. చేతులెత్తి ఆగిపోయింది, ఆ తరవాత అదీ పోయి తెర బూడిదరంగయింది. నేను లేవబోయాను. ఎక్కడికో తెలియదు, మెట్లు దిగి, నడవలోకి, అలమర దగ్గరికి. భయమేసింది, పురిటికి కాదు, నాకు ఎవరూ ఏమీ చెప్పలేని చోట ఒక్కదాన్నే ఉండిపోతానని. వీట్సె, వెళ్ళి చూడు, అన్నానో, చేత్తో అన్నానో. వాడు వెళ్ళలేదు. వెనకనుంచి లేచి మంచం చుట్టూ తిరిగి, అమ్మ ఉన్న వైపుకి, ట్యాబ్ పక్కన మోకాళ్ళ మీద నిలబడ్డాడు. "కరెంటు పోయొచ్చింది, రౌటర్ దానంతటదే లేస్తుంది. నేను పెట్టాను, నాకు తెలుసు," అన్నాడు పైకి. నాకు అర్థం కాలేదని చూశాడు. అప్పుడు మసి గోళ్ళ చేతులెత్తి నా భాషలోకి వచ్చాడు. అమ్మ మళ్ళీ. నేను ఇక్కడ. నువ్వు, అని నన్ను చూపించి, తొయ్యి అనబోయి దొంగిలించు అన్నాడు. రెండింటికీ మణికట్టు తిప్పడంలోనే తేడా. ముఖం ఎంతో గంభీరంగా పెట్టి, దొంగిలించు, ఇంకా గట్టిగా దొంగిలించు, మొత్తం దొంగిలించు అంటున్నాడు. నవ్వు వచ్చింది నాకు. ఎక్కడో పొట్ట అడుగునుంచి వచ్చిన ఆ నవ్వే తోపు అయిపోయింది. "అద్గదీ, అలా," అన్న హిల్లీ మాట అప్పుడు వినపడింది.

బూడిద తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఆ వెంటనే అమ్మ, ఇంకా నిలబడే ఉంది, కోటు బొత్తాం ఒకటి ఊడి వేలాడుతోంది, చేతులు ఎప్పుడు మొదలెట్టాయో ఆపినట్టు లేవు, ఎవరూ చూడకపోయినా చెబుతూనే ఉన్నట్టున్నాయి. వీట్సె పక్కకి జరగలేదు, అక్కడే ఉండిపోయాడు, ఇద్దరూ పక్కపక్కన, తెరలో ఒకరు తెర బయట ఒకరు, నాలుగు చేతులూ నాకేసి కదుల్తూ, ఒకరు సరిగ్గా ఒకరు తప్పుగా, ఇద్దర్నీ చూస్తూ నేను ఇంకోసారి, మరోసారి, నన్ను నేను రెండుగా చీల్చుకుంటూ, వేడిగా, జారుతూ, ఒక్కసారిగా ఖాళీగా.

"ఆడపిల్ల," అంది హిల్లీ. తుడిచి నా గుండెల మీద పెట్టింది. ఎర్రగా, కోపంగా, నుదురు ముడిచి, నోరంతా తెరిచి. గదిలో ఆ ఏడుపు గాలి చప్పుణ్ణి తోసేసింది. మెట్ల కింద మా అత్తగారు ఏదో పళ్ళెం జారవిడిచింది, పెద్దగా ముక్కు చీదింది. వీట్సె ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో, రెండూ ఒకేసారి చేస్తూ ట్యాబ్ ఎత్తి మా ముఖాల దగ్గరికి తెచ్చాడు. అమ్మ చూసింది. చాలాసేపు చేతులు కదపలేదు, అది ఆగిపోయిన బొమ్మ కాదని కళ్ళు తడిగా మెరవడం వల్ల తెలిసింది. తరవాత నన్ను కాదు, వీట్సెని అడిగింది, నెమ్మదిగా, వాడికి తెలిసేలా, "ఏడుస్తోందా?"

తలూపాడు.

"ఎలా ఉంది?"

పుట్టి ఏ చప్పుడూ ఎరగని మనిషికి ఎలా చెప్పాలో వాడికి తోచలేదు. ట్యాబ్‌ని నాకు ఆనించి చేతులు ఎత్తాడు, దించాడు, సముద్రపు కొంగ అన్నాడు, కాదన్నాడు, రంపం అన్నాడు, కాదన్నాడు. చివరికి తన గుండె మీద పిడికిలి పెట్టి వణికించి చూపించాడు. అమ్మ నవ్వింది.

"తెలుసు. నీ పెళ్ళాం అలాగే ఏడ్చేది. నాకు వినపడదు కదా, దాని ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని. ఏడవబోయే ముందు అక్కడ చిన్నగా కదుల్తుంది. అది ఏడవడం మొదలెట్టేలోపే లేచేదాన్ని. ఊళ్ళో అందరూ అనేవాళ్ళు, ఔకియా పిల్ల అసలు ఏడవదని."

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేను చిన్నప్పుడు ఏడవని పిల్లనని ద్వీపమంతా చెప్పుకుంటే అది నా మంచితనమనుకున్నాను. అమ్మని అడగాలని చేతులెత్తబోయాను. ఒక చెయ్యి పాప తల కింద ఉంది. రెండోది, నాకు తెలియకుండానే, ఆ కోడిపిల్లంత వీపు చుట్టూ తిరిగి ఛాతీ మీదికి వెళ్ళింది. అవును, ఉంది, ఏడుపుకీ ఏడుపుకీ మధ్య, ఊపిరి కన్నా ముందు, చిన్నగా కదిలేది ఒకటి. వేళ్ళకి తెలుస్తోంది. చెయ్యి తియ్యలేకపోయాను. తియ్యకుండా ఏమీ చెప్పలేను, అమ్మకేసి చూశాను. అమ్మ అప్పుడు కోటు విప్పి కుర్చీ వెనక తగిలించింది. కుర్చీని తెర దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చేతులు దాని మీదే ఉంచు," అంది. "ఇప్పుడేం మాట్లాడొద్దు. నేను చూస్తూ ఉంటాను."